శిథిలమైన మధ్యయుగ నగర ద్వారంలో ఈ గాడి, ఈ రంధ్రాలు దేనికి?

ప్రశ్న:
నేను పరిశీలిస్తున్న నగర ద్వారంలో ఒక బురుజు, దానిని ఆనుకొని సగం కమాను మాత్రమే నిలిచి ఉన్నాయి. దారివైపు గోడలో నాలుగు వేళ్ళ వెడల్పున, పైనుంచి కిందిదాకా సూటిగా చెక్కిన ఒక గాడి ఉంది. దానికి కొంచెం అవతల, నడుము ఎత్తున, చేయంతా చాచినా అడుగు తగలనంత లోతైన చదరపు రంధ్రం ఉంది. ఇవికాక బురుజు నిండా చిన్న రంధ్రాలు వరుసలుగా కనిపిస్తాయి. వీటిని బట్టి ఊరు ఏ వైపున ఉండేదో చెప్పగలమా?

జవాబు 1:
చెప్పగలం. ఆ గాడి పైఅంతస్తు నుంచి కిందికి దించే కటకటాల తలుపుది. లోతైన రంధ్రం తలుపు రెక్కల వెనుక అడ్డంగా వేసే దూలానిది. ద్వారం తెరిచినప్పుడు ఆ దూలాన్ని గోడలోకే తోసేవారు కనుక అంత లోతు అవసరమైంది. సాధారణంగా కటకటాల తలుపు ముందు, కర్ర తలుపులు దాని వెనుక, దూలం వాటికీ వెనుక ఉంటాయి కాబట్టి, గాడి ఉన్న వైపు వెలుపల, రంధ్రం ఉన్న వైపు ఊరు అనుకోవచ్చు. ఇంగ్లండులో యార్క్ నగరపు వామ్‌గేట్ బార్‌లో కటకటాల తలుపు, ఓక్ తలుపులు, వాటి ముందున్న రక్షణ ప్రాకారం నేటికీ కలిసి ఉన్నాయి. ఆ అమరికను చూసినవారికి మీ సగం కమానులో లేనిదేమిటో వెంటనే తెలుస్తుంది.

జవాబు 2:
చిన్న రంధ్రాలను బాణపు సందులని పొరబడుతుంటారు. బాణపు సందు లోపలికి పోయేకొద్దీ వెడల్పవుతుంది; ఇవి అలా కాకపోతే, గోడ కడుతున్నప్పుడు పరంజా కర్రలు నిలిపిన చోట్లే. ఆ వరుసలు ఒకచోట హఠాత్తుగా ఎత్తు మారితే, అక్కడ గోడను తరువాతి కాలంలో తిరిగి కట్టి ఉండవచ్చు. నా దృష్టిలో శిథిలం మొత్తంలో అత్యంత విలువైన ఆధారం అదే.

జవాబు 3:
అందుకే మరమ్మతుల పేరిట ఆ రంధ్రాలను సిమెంటుతో పూడ్చడం చూస్తే బాధ కలుగుతుంది. సున్నపు గారతో కట్టిన గోడ తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దానిని లోపలే బంధించి, మెత్తని రాయిని పొరలు పొరలుగా రాలుస్తుంది. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో పొసగాలి గాని, పాతదేనని భ్రమింపజేయకూడదని చారిత్రక కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా రూపొందించిన 1964 నాటి వెనిస్ నియమావళి చెబుతుంది. పనివారు రాకముందే ప్రతి గాడినీ, రంధ్రాన్నీ కొలిచి, పక్కన కొలబద్ద ఉంచి ఫొటోలు తీయండి.