వాతావరణ రిసీవర్ యాంటెన్నా: మాస్ట్ కొసనా, వెనక రెయిలింగ్ మీదా?

ఉప్పుగాలి:
11 మీటర్ల ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోట్. మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) కొస నీటికి 15 మీటర్ల ఎత్తు. తీర కేంద్రాలు పంపే వాతావరణ, భద్రతా సందేశాలను అక్షరాల్లో చూపించే నావ్‌టెక్స్ రిసీవర్ కొత్తగా పెడుతున్నాను, యాంటెన్నాలోనే యాంప్లిఫయర్ ఉన్న రకం. వీహెచ్‌ఎఫ్ (దగ్గరి దూరాలకి మాట్లాడే పడవ రేడియో) వాతావరణ బులెటిన్లు కూడా వినాలి. ప్రస్తుతం మాస్ట్ దించి ఉంది కాబట్టి కేబుల్ లాగాలంటే ఇదే అదను. ఎంత ఎత్తైతే అంత మంచిదని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. కారణాలతో చెప్పండి.

చుక్కాని:
నావ్‌టెక్స్‌కి వెనక రెయిలింగే. 518 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 579 మీటర్లు. దాని ముందు మీ 15 మీటర్లు లెక్కలోకే రావు. ఈ తరంగం సముద్రాన్ని అంటిపెట్టుకుని వంపు తిరుగుతూ వస్తుంది, కేంద్రం కనుచూపులో ఉండనక్కర్లేదు. 250 నుంచి 400 నాటికల్ మైళ్లు అందుతోందంటే కేంద్రం పవర్ వల్ల, ఉప్పునీటి వాహకత వల్ల. నావ్‌టెక్స్ వాడే ఇంకో ఫ్రీక్వెన్సీ 490 కిలోహెర్ట్జ్‌కీ ఇదే మాట.

వీహెచ్‌ఎఫ్‌కి మాత్రం ఎత్తు కావాలి. మీటర్లలో ఎత్తుకి వర్గమూలం తీసి 2.2తో గుణిస్తే రేడియో దిగంతం (తరంగం నేరుగా చేరే దూరం) నాటికల్ మైళ్లలో వస్తుంది. 15 మీటర్లకి 8.5, రెయిలింగ్ మీది 3 మీటర్లకి 3.8. ఒడ్డు మీది టవర్ 100 మీటర్లుంటే దాని వాటా 22. రెండూ కూడితే, 30 మైళ్లకీ 26కీ ఉన్నంత తేడా.

పైకొస:
తరంగం ప్రయాణం గురించి చెప్పింది సరే. కానీ యాంటెన్నా ఏ రకమో అడగకుండా తీర్పు చెప్పేశారు. పొట్టి కడ్డీ రకం విద్యుత్ క్షేత్రాన్ని పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న మాస్ట్, దాన్ని వెనక నుంచీ పక్కల నుంచీ పట్టి ఉంచే లోహపు తీగలు (బ్యాక్‌స్టే, ష్రౌడ్స్) ఎర్త్ అయి ఉంటే ఆ క్షేత్రాన్ని అవే లాగేసుకుంటాయి. వాటి నీడలో, రెయిలింగ్ పక్కన కూర్చున్న కడ్డీకి మిగిలేది తక్కువ. అదే కడ్డీని అన్నిటికన్నా పైన పెడితే సిగ్నల్ స్పష్టంగా పెరుగుతుంది. తరంగం పొడవుతో దీనికి సంబంధం లేదు. పైగా ఇన్వర్టర్, ఫ్రిజ్, ఛార్జర్ అన్నిటికీ పది మీటర్ల పైనే దూరం.

చుక్కాని:
కడ్డీ రకం విషయంలో ఒప్పుకుంటాను. ఉప్పుగాలి గారూ, మీ దాని డబ్బా మీద చూడండి: కడ్డీ బయటికి ఉందా, లేక పుట్టగొడుగులాంటి డోమ్ మాత్రమేనా? డోమ్ రకాల్లో చాలావాటి లోపల ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీలాంటి పదార్థం) మీద చుట్టిన తీగ ఉంటుంది, అది అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది. దానికి ఎత్తూ అక్కర్లేదు, ఎర్తూ అక్కర్లేదు. ఫైబర్‌గ్లాస్ పడవలో క్యాబిన్ లోపల పెట్టినా సిగ్నల్ వస్తుంది, కాకపోతే నాయిస్ (పడవలోని పరికరాల విద్యుత్ రొద) మధ్యలో పెట్టినట్టవుతుంది. స్టీల్, అల్యూమినియం పడవల్లో మాత్రం లోపల పెట్టకండి.

"పది మీటర్ల దూరం" అన్నది కాగితం మీది లాభమే. యాంటెన్నా కేబుల్ మాస్ట్ లోపల లైట్ల వైర్లతో కలిసి పైదాకా వెళ్తుంది. కేబుల్ తొడుగు (లోపలి లోహపు అల్లిక) వెంబడి కింది నాయిస్ కూడా పైకెక్కుతుంది. ఇక కొసన ఎల్ఈడీ లైటు డ్రైవర్ జానెడు దూరంలోనే ఉంటుంది. పిడుగు పడితే ముందు పోయేవి కూడా అక్కడున్నవే.

రొదవేట:
ఇద్దరూ సిగ్నల్ గురించే వాదిస్తున్నారు. ఈ బ్యాండ్‌లో ఓడించేది నాయిస్. డ్రిల్ పట్టుకునే ముందు ఒక పూట దీనికి కేటాయించండి.

బ్యాటరీతో నడిచే చిన్న ఏఎం రేడియోని డయల్ అడుగున, 530 కిలోహెర్ట్జ్ దగ్గర, స్టేషన్ లేని చోట ఉంచండి. మెయిన్ స్విచ్ ఆపేసి, అనుకున్న చోట దాన్ని పట్టుకుని సౌండ్ వినండి. తర్వాత ఒక్కొక్కటే వేయండి: సోలార్ కంట్రోలర్, ఫ్రిజ్, ఎల్ఈడీ లైట్లు, ఆటోపైలట్, ఇన్వర్టర్, చివర ఇంజిన్. రేడియోని అటూ ఇటూ తిప్పుతూ వినాలి. అందులోనూ ఫెర్రైట్ మీద చుట్టిన తీగే కాబట్టి ఒక దిశలో రొద మాయమవుతుంది, అది చూసి లేదనుకోవద్దు.

తర్వాత అసలు యాంటెన్నాని కర్రకి కట్టి రెండు మూడు చోట్ల రిసీవర్‌తో పరీక్షించండి. ఒక్కో కేంద్రానికి 4 గంటలకోసారి 10 నిమిషాల వంతు ఉంటుంది. పోయిన అక్షరం చోట నక్షత్రం గుర్తు పడుతుంది. తప్పులు 4 శాతం లోపుంటేనే రిసీవర్ ఆ సందేశం సరిగా అందిందని గుర్తుపెట్టుకుంటుంది. పోల్చేటప్పుడు ఒకే కేంద్రాన్ని, రోజూ ఒకే వేళకి చూడాలి. రాత్రిపూట ఆకాశం నుంచి పరావర్తనమై దూరపు కేంద్రాలు అదే ఫ్రీక్వెన్సీలో వచ్చి కలుస్తాయి. ఇంకోటి, చాలామంది వదిలేసేది: సోలార్ కంట్రోలర్ రొద పగలే ఉంటుంది, లైట్లది రాత్రే. ఒక్క వేళ చూసి నిర్ణయించవద్దు.

దోషి దొరికితే వైరు మీద ఒక్కసారి బిగించే ఫెర్రైట్ క్లిప్‌తో ఈ ఫ్రీక్వెన్సీలో ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ప్లస్, మైనస్ వైర్లు రెండూ కలిపి పెద్ద ఫెర్రైట్ రింగులో 8 నుంచి 10 చుట్లు తిప్పండి. ప్రభావం చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది.

తీగలపని:
కేబుల్ సంగతి. 518 కిలోహెర్ట్జ్‌లో 25 మీటర్ల సన్న ఆర్‌జీ-58 కేబుల్ అయినా నష్టం అర డెసిబెల్ కూడా ఉండదు. అదే కేబుల్ 160 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 5 డెసిబెల్స్ తినేస్తుంది, అంటే మూడింట రెండు వంతులు దారిలోనే పోయినట్టు. మాస్ట్ కొస వీహెచ్‌ఎఫ్‌కి లావుపాటి ఆర్‌జీ-213 వేస్తే నష్టం 2 దగ్గర ఆగుతుంది. సన్న కేబుల్ వేసి ఎత్తు గురించి వాదించడం అనవసరం.

యాంప్లిఫయర్‌కి కరెంటు అదే కేబుల్‌లో వెళ్తుంది. యాంటెన్నా వైపు కనెక్టర్ విప్పి, మధ్య పిన్నుకీ తొడుగుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. మాన్యువల్‌లో రాసిన వోల్టేజీ కనపడాలి. సున్నా వస్తే ఎక్కడో తొడుగు పోగు ఒకటి పిన్నుకి తగులుతోంది, లేదా నీరు చేరింది. ఉప్పునీరు ఒకసారి అల్లిక తొడుగులోకి దిగిందంటే లోపల్లోపలే మీటర్ల దూరం పాకుతుంది. కనెక్టర్‌కి దానికదే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టండి.

పైకొస:
నావ్‌టెక్స్ ఫెర్రైట్ రకమైతే రెయిలింగ్‌కి నాకు అభ్యంతరం లేదు. కడ్డీ రకమైతే నా మాట మీదే ఉన్నాను. వీహెచ్‌ఎఫ్ మాత్రం పైనే. విడి వాతావరణ రిసీవర్ ఉంటే, కొసనున్న వీహెచ్‌ఎఫ్ యాంటెన్నానే ట్రాన్స్‌మిట్ అయినప్పుడు రిసీవర్‌ని విడదీసే స్ప్లిట్టర్‌తో పంచుకోవచ్చు. మామూలు టీ కనెక్టర్ పెడితే 25 వాట్లు నేరుగా రిసీవర్‌లోకి పోతాయి.

ఉప్పుగాలి:
డోమ్ రకమే, ఫెర్రైట్ అని మాన్యువల్‌లో ఉంది. బ్యాక్‌స్టేని హెచ్‌ఎఫ్ (చాలా దూరం మాట్లాడే) రేడియోకి యాంటెన్నాగా వాడుతున్నాను, 100 వాట్లు. వెనక రెయిలింగ్ దానికి దగ్గరే కదా?

చుక్కాని:
అందుకే మూల ఎంచుకోవాలి. బ్యాక్‌స్టే మధ్యలో దిగితే, దాని నుంచీ ట్యూనర్ (హెచ్‌ఎఫ్ రేడియోని యాంటెన్నాకి జతపరిచే పెట్టె) తీగ నుంచీ ఎంత దూరం కుదిరితే అంత దూరంలో ఉన్న మూల. మాన్యువల్‌లో కనీస దూరం ఇచ్చి ఉంటే దాన్ని తగ్గించవద్దు; దగ్గరైతే ముందు పోయేది యాంటెన్నాలోని యాంప్లిఫయరే. హెచ్‌ఎఫ్ మాట్లాడేటప్పుడు నావ్‌టెక్స్ స్విచ్ ఆపినా ఆ ప్రమాదం పోదు. రెయిలింగ్ గొట్టాలు లోహపు వలయాలు కాబట్టి ఫెర్రైట్‌ని వాటి మధ్య ఇరికించకండి. 40, 50 సెంటీమీటర్ల గొట్టం నిలబెట్టి డోమ్‌ని దాని పైన బిగించండి. రాడార్ ఉంటే దాని పుంజం ఎత్తులో రాకూడదు.

పైకొస:
ఒక్కటి చేయండి. మాస్ట్ నిలబెట్టే లోపు, కేబుల్ వేయకపోయినా సన్న తాడు ఒకటి కింది నుంచి కొసదాకా లాగి రెండు చివర్లూ కట్టి ఉంచండి. రేపు ఫెర్రైట్ తీసి కడ్డీ పెట్టాల్సి వస్తే కేబుల్ లాగడానికి మళ్లీ మాస్ట్ దించక్కర్లేదు.