కొరియోగ్రఫీగా రాసిన ప్రోగ్రాములో డెడ్‌లాక్ ఎందుకు రాదు?

ప్రశ్న (కావలి నుంచి):
నమస్కారం. రొయ్యల కొనుగోలు కోసం రైతు, వ్యాపారి, బ్యాంకు అనే మూడు ప్రక్రియలు సందేశాలు పంపుకునే సాఫ్ట్‌వేర్‌ను మా విద్యార్థులు రాస్తున్నారు. విడివిడిగా రాస్తే అవి ఒకదాని కోసం మరొకటి ఎదురుచూస్తూ ఆగిపోతున్నాయి (డెడ్‌లాక్). కొరియోగ్రఫీలో, అంటే ప్రక్రియలన్నిటి మధ్య సందేశాల రాకపోకలను ఒకే ప్రోగ్రాముగా రాసే పద్ధతిలో, ఈ చిక్కు ఉండదనడానికి సిద్ధాంతపరమైన ఆధారం ఏమిటో పెద్దలు వివరించగలరు.

జవాబు (ఒంగోలు నుంచి):
కొరియోగ్రఫీలో పంపడం, అందుకోవడం రెండు వేర్వేరు ఆదేశాలు కావండీ. రైతు నుంచి వ్యాపారికి ధర చేరడం ఒకే చర్య. కనుక అందుకునేవారు లేని సందేశాన్ని రాయడానికే వీలుండదు. అయితే ఆ మొత్తం వర్ణన నుంచి ఒక్కొక్క ప్రక్రియ కోడ్‌ను వేరుచేసే ప్రొజెక్షన్, మూలంలోని ప్రవర్తనకు ఏమీ కలపదని, ఏమీ తగ్గించదని నిరూపించినప్పుడే ఆ హామీ నిలుస్తుంది. కార్బోనే, మాంటెసీ అనే పరిశోధకులు 2013లో ఈ మార్గాన్ని ప్రతిపాదించారు. 2008లో హోండా, యోషిదా, కార్బోనే రూపొందించిన బహుపక్ష సెషన్ టైపుల (పలు ప్రక్రియల మధ్య సందేశాల క్రమాన్ని వర్ణించే టైపులు) గురించి కూడా తప్పక చదవండి.

జవాబు (నెల్లూరు నుంచి):
నా దృష్టిలో అసలు కష్టం ఎంపికల దగ్గర ఉంది. ధర ఒప్పుకోవాలా వద్దా అన్నది వ్యాపారి నిర్ణయం. బ్యాంకు తర్వాతి పని దానిపై ఆధారపడితే, ఆ ఎంపిక ఏదో ఒక సందేశం ద్వారా బ్యాంకుకు తెలియాలి. లేకుంటే ప్రొజెక్షన్ కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఎంపికను రైతుకూ తెలపాలా?

జవాబు (నెల్లూరు నుంచి):
వ్యాపారి ధర ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా రైతు చేసే పని ఒకటే అయితే అవసరం లేదండీ. సందేశాలు దారిలో పోవని, ఏ ప్రక్రియా మధ్యలో కూలిపోదని ఈ నిరూపణలు సాధారణంగా అనుకుంటాయన్న సంగతి మాత్రం విద్యార్థులకు ముందే చెప్పండి.