రిటర్న్ ఆఫ్ ద జోకర్: నా డిస్కులో ఉన్నది కట్ వెర్షనా, అన్‌కటా?

ప్రశ్న

బ్యాట్‌మ్యాన్ బియాండ్ సిరీస్ మీద తీసిన రిటర్న్ ఆఫ్ ద జోకర్ యానిమేషన్ సినిమా ఇంట్లో వేద్దామనుకుంటున్నాను. దీనికి రెండు వెర్షన్లు ఉన్నాయంటున్నారు. నా డిస్కు అట్ట మీద "బ్యాట్‌మ్యాన్ ఆఫ్ ద ఫ్యూచర్" అని ఉంది. నిడివి చూస్తే 72 నిమిషాల పైచిలుకు. అంటే కట్ చేసిందేనా? సిరీస్‌లోని 52 ఎపిసోడ్లూ చూడకుండా సినిమా అర్థమవుతుందా? ఇంట్లో 13 ఏళ్ళ అబ్బాయి, 8 ఏళ్ళ పాప ఉన్నారు, ఇద్దరికీ చూపించొచ్చా? అమ్మ కోసం ఇంగ్లీష్ సబ్‌టైటిల్ ఫైల్ తీసుకుని అందులో తెలుగు టైప్ చేశాను. మొదట్లో బాగానే ఉంటుంది, పోను పోను అక్షరాలు మాటలకంటే వెనకబడిపోతున్నాయి. దయచేసి చెప్పండి.

నియోగోథమ్:

అట్ట మీద పేరు చూసి వెర్షన్ చెప్పలేమండీ. యూరప్‌లో ఈ సిరీస్‌ని బ్యాట్‌మ్యాన్ ఆఫ్ ద ఫ్యూచర్ పేరుతోనే వేశారు, సినిమాకూ అదే పేరు పెట్టారు. వెర్షన్‌తో దానికి సంబంధం లేదు.

జరిగింది ఇదీ. సినిమా అమెరికాలో 2000 డిసెంబర్ 12న నేరుగా వీడియోగా వచ్చింది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగాయి. పిల్లలు చూసే వాటిలో హింస గురించి అక్కడ పెద్ద చర్చ నడుస్తోంది. దాంతో సినిమా తీసిన వార్నర్ కంపెనీ వాళ్ళు పూర్తయిన సినిమాను వెనక్కి తీసుకుని కొన్ని సీన్లు తీసేశారు, కొన్ని మళ్ళీ గీయించారు, డైలాగులు కొన్ని మార్పించారు. ముందు విడుదలైంది అదే. దర్శకుడు కర్ట్ గెడా, రచయిత పాల్ డీనీ మొదట తీసిన రూపం 2002 ఏప్రిల్ 23న అన్‌కట్ అని అట్ట మీద రాసి పీజీ-13 (13 ఏళ్ళలోపు పిల్లల విషయంలో పెద్దలు జాగ్రత్త పడాలని చెప్పే) రేటింగ్‌తో డీవీడీగా వచ్చింది. కాబట్టి అమెరికా డిస్కైతే అట్ట మీద ఆ మాట, ఆ రేటింగ్ ఉన్నాయేమో చూడండి. లేకపోతే సీన్ చూసి తేల్చుకోవడమే మార్గం.

దానికి క్లైమాక్స్ దాకా పోనక్కర్లేదు. మొదటి దొంగతనం అయ్యాక జోకర్‌ వేషాలు వేసుకుని తిరిగే జోకర్జ్ ముఠా తమ స్థావరానికి తిరిగొస్తుంది. అందులో బాంక్ అనే భారీ మనిషి జోకర్‌కి ఎదురుతిరుగుతాడు. జోకర్ చేతిలో తుపాకీ ఉండి, అందులోంచి "బ్యాంగ్" అని రాసిన జెండా వచ్చి, ఆ జెండా కర్రే బల్లెంలా బాంక్ మీదికి దూసుకుపోతే మీది అన్‌కట్. తుపాకీ బదులు నవ్వించే గ్యాస్ వాడి పడగొడితే కట్ వెర్షన్. ఈ సీన్ మొదట్లోనే వస్తుంది కనుక చూడని వాళ్ళకు కథ గుట్టు చెడకుండా నిమిషంలో తేలిపోతుంది.

డిస్కుల పెట్టె:

నిడివి చూసి మోసపోకండి, ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తున్నారు. మీది యూరప్ డిస్కైతే అది పాల్ అనే అక్కడి టీవీ పద్ధతిలో ఉంటుంది. సినిమా తయారయ్యేది సెకనుకు 24 ఫ్రేములతో, పాల్ డీవీడీ తిప్పేది 25తో. అంటే సినిమా 4 శాతం వేగంగా నడుస్తుంది. 75 నిమిషాల సినిమా ఒక్క సీను కూడా పోకుండానే 72 నిమిషాల్లో అయిపోతుంది. రెండు వెర్షన్ల మధ్య తేడా కూడా కొద్ది నిమిషాలే. అందుకని 72 అని కనిపిస్తే అది కట్ వెర్షన్ కావచ్చు, వేగం పెరిగిన అన్‌కట్ కావచ్చు. పైన చెప్పిన బాంక్ సీనే నమ్మకమైన గుర్తు. పాల్ డిస్కులో గొంతులు కూడా పిసరంత సన్నగా వినిపిస్తాయి, జోకర్‌కి గొంతు ఇచ్చిన మార్క్ హామిల్ నవ్వు దగ్గర అది బాగా తెలుస్తుంది.

కొత్తగా కొనదలిస్తే పాత డీవీడీ జోలికి పోకుండా బ్లూరే తీసుకోండి. 2011లో విడిగా వచ్చింది, 2019లో మొత్తం సిరీస్‌తో కలిపి వేసిన పెట్టెలోనూ సినిమా ఉంది. డీవీడీలను ప్రాంతాల (రీజియన్ల) వారీగా అమ్ముతారు. అమెరికా డీవీడీలు రీజియన్ 1, మన దేశానిది రీజియన్ 5. ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్‌లో ఆ డీవీడీ పెడితే రీజియన్ తప్పని చెప్పి ఆగిపోతుంది. బ్లూరేలో మనది సి, అమెరికాది ఎ. కొన్ని డిస్కులకు రీజియన్ అడ్డు ఉండదు కానీ, కొనేముందు అట్ట వెనక గుర్తు చూసుకోవాలి.

పాత కార్టూన్లు:

52 ఎపిసోడ్లూ అక్కర్లేదు. అయితే ఏమీ చూడకుండా కూర్చుంటే మాత్రం ఈ సినిమాలో అసలు దెబ్బ తగలదు. ఇది కొత్త బ్యాట్‌మ్యాన్ టెర్రీ మెక్‌గినిస్ కథే అయినా గాయం పాత సిరీస్‌లది. నా లెక్కలో ఐదు ఎపిసోడ్లు చాలు.

ముందు బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్‌లో 1992లో వచ్చిన జోకర్స్ ఫేవర్. జోకర్ తోడుదొంగ హార్లే క్విన్ మొదటిసారి కనిపించేది అందులోనే. తర్వాత ద న్యూ బ్యాట్‌మ్యాన్ అడ్వెంచర్స్‌లో సిన్స్ ఆఫ్ ద ఫాదర్. ఇది తప్పకుండా చూడాలి. టిమ్ డ్రేక్ అనే వీధి కుర్రాడు రాబిన్ ఎలా అయ్యాడో అందులో ఉంది. ఆ పిల్లవాడి చురుకుదనం ముందే చూసి ఉంటే సినిమాలో వాడికి జరిగేది చూసి గుండె తరుక్కుపోతుంది. ఆ తర్వాత అదే సిరీస్‌లో మ్యాడ్ లవ్, జోకర్‌కీ హార్లేకీ మధ్య ఉన్నది ఎలాంటి బంధమో దాంట్లో తెలుస్తుంది. చివరగా బ్యాట్‌మ్యాన్ బియాండ్ మొదటి కథ రీబర్త్, రెండు భాగాలు. ముసలి బ్రూస్ వేన్ సూట్ ఎందుకు వదిలేశాడో దాని మొదట్లోనే చూపిస్తారు. ప్రాణం మీదికొచ్చి తుపాకీ ఎత్తాల్సి వచ్చిన ఆ క్షణం గుర్తుపెట్టుకోండి, సినిమాలో తుపాకీ చేతులు మారేచోట అది పనికొస్తుంది.

ఐదూ కలిపి రెండు గంటల్లోపే. ఇంకో మాట, జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్‌లోని ఎపిలాగ్ (2005) సినిమా తర్వాతే చూడండి. అదే సిరీస్‌లో కాలప్రయాణం కథ ద వన్స్ అండ్ ఫ్యూచర్ థింగ్ రెండో భాగంలో బాంక్ మళ్ళీ కనిపిస్తాడు. చచ్చినవాడు ఎలా వచ్చాడని తికమక పడొద్దు, అక్కడ క్రోనోస్ అనే విలన్ కాలాన్నే మార్చేశాడు.

నియోగోథమ్:

పిల్లల సంగతి మర్చిపోయాను. ఇక్కడ కథ గుట్టు కొంత చెప్పక తప్పదు, చూడనివాళ్ళు ఈ జవాబు దాటేయండి.

కట్ వెర్షన్ చిన్నపిల్లల కోసమే చేశారు కదా, 8 ఏళ్ళ పాపకి అది వేద్దాం అనుకోకండి. అందులో తీసేసినవి కత్తులు, రక్తం, కొన్ని దెబ్బలు. పాత రోజుల పోరాటంలో జోకర్ బ్యాట్‌మ్యాన్ కాలిలో కత్తి దించే చోటు అన్‌కట్‌లోనే ఉంటుంది. కానీ సినిమాలో అన్నిటికంటే భయంకరమైనది రెండింటిలోనూ ఉంది. టిమ్‌ని ఎత్తుకుపోయి, హింసించి, పాలిపోయిన ముఖంతో, చిన్న జోకర్ వేషంలో తెర చాటు నుంచి బయటికి తెచ్చే సీన్ అది. పిల్లవాడి మొహం మీద ఆ నవ్వు బలవంతంగా సాగదీసి ఉంటుంది, కళ్ళు మాత్రం నవ్వవు. చిన్నపిల్లలకు రాత్రి నిద్రలో వచ్చేది అదే, రక్తం కాదు. పాపకి ఇప్పుడు వద్దు. అబ్బాయికి అన్‌కటే చూపించండి, పక్కన పెద్దవాళ్ళు కూర్చోండి.

అన్‌కటే ఎందుకంటే, కట్ వెర్షన్‌లో జోకర్ చావు యాదృచ్ఛికం అయిపోయింది. టిమ్ తోస్తాడు, జోకర్ జారి కరెంటు వైర్లలో చిక్కుకుంటాడు. అసలు రూపంలో బ్యాట్‌మ్యాన్‌ని చంపమని జోకరే తుపాకీ ఇస్తాడు, ఆ పిల్లవాడు దాన్ని జోకర్ వైపే తిప్పుతాడు. జోకర్ పేరెత్తితేనే బ్రూస్ ఎందుకు మూగబోతాడు, ఒకప్పటి బ్యాట్‌గర్ల్ బార్బరా చెప్పడానికి ఎందుకు అంత తటపటాయిస్తుంది, టిమ్ ఎందుకు మళ్ళీ రాబిన్ కాలేదు, ఇవన్నీ దాంతోనే అర్థమవుతాయి. ప్రమాదంగా మారిస్తే అంత బరువూ గాలికి పోయింది.

ఇంకో చిన్న విషయం. జోర్డన్ ప్రైస్ అనే కంపెనీ మనిషికి గొంతు ఇచ్చిందీ మార్క్ హామిలే. జోకర్ ఎవరని ఊహించే వాళ్ళని పక్కదారి పట్టించడానికి ఆ గొంతు బాగా పనిచేసింది. అబ్బాయికి ముందే చెప్పకండి.

సబ్‌టైటిల్ పని:

మీ సబ్‌టైటిల్ సమస్యా ఆ 25 ఫ్రేములదే. ఇంగ్లీష్ ఫైల్ 23.976 (అంటే దాదాపు 24) ఫ్రేముల వీడియోకి చేసింది, మీ డిస్కు 25. ప్రతి 10 నిమిషాలకూ దాదాపు 25 సెకన్లు వెనకబడుతుంది, చివరికి వచ్చేసరికి మూడు నిమిషాలు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో జి, హెచ్ మీటలు నొక్కితే సరిపోదు. అవి మొత్తం ఫైల్‌ని ఒకే దూరం జరుపుతాయి, వేగం మార్చవు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి, సింక్రొనైజేషన్ మెనూలో చేంజ్ ఫ్రేమ్ రేట్ తీసుకుని, మొదటి పెట్టెలో 23.976, రెండో దాంట్లో 25 పెట్టి సేవ్ చేయండి.

మార్చాక కూడా ఒకచోట హఠాత్తుగా తేడా వచ్చి అక్కడి నుంచి అదే తేడా కొనసాగితే, అది వేగం తప్పు కాదు. సబ్‌టైటిల్ ఒక వెర్షన్‌ది, వీడియో ఇంకో వెర్షన్‌ది అన్నమాట. ఆ లైన్ దగ్గర ఆపి, దాని కింద ఉన్న లైన్లన్నీ ఎంచుకుని, ఎన్ని సెకన్లు తేడా ఉందో అంత జరపాలి. డైలాగులే మారిన చోట మాత్రం విని మళ్ళీ రాయాల్సిందే.

తెలుగు ఫైల్‌ని యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి, లేకపోతే ప్రశ్న గుర్తులు వస్తాయి. వీఎల్‌సీ సబ్‌టైటిల్ సెట్టింగుల్లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఎంచుకోండి. ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే చాలా టీవీల్లో ఒత్తులు విడిపోతాయి, "బ్యాట్‌మ్యాన్"లో య ఒత్తు పక్కకి పోయి కూర్చుంటుంది. టీవీ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అక్షరాలు కలపడం రాకపోవడమే కారణం, మీ ఫైల్ తప్పు కాదు. ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపి వీఎల్‌సీలో వేయడం అన్నిటికంటే తేలిక. ఇంకో సంగతి, అమ్మ చదవడానికి టైమ్ ఉండాలి కాబట్టి ఒక్కో లైన్‌లో 35 అక్షరాలు దాటకుండా, తెర మీద రెండు లైన్లకి మించకుండా చూసుకోండి. జోకర్ గబగబా మాట్లాడే చోట్ల మాటకు మాట రాయకుండా భావం కుదించండి.

ప్రశ్న అడిగినవారు:

బాంక్ సీన్ చూశానండీ, జెండానే వచ్చింది. అన్‌కటే. ఫ్రేమ్ రేట్ మార్చాక అక్షరాలు చివరిదాకా సరిగ్గా కూర్చున్నాయి. పాపని ఆ రోజు నాన్నమ్మ గదిలో పడుకోబెడతాం.