ఇందిరానగర్‌లో పాత తెలుగు పాటల క్లబ్ నైట్: రికార్డులతోనే నడపాలంటే ఏమేం చూసుకోవాలి?

ఈపీల_పెట్టె

బెంగళూరు తెలుగు వాళ్ళ కోసం ఒక పాతకాలపు క్లబ్ నైట్ పెడుతున్నాం. ఇందిరానగర్‌లో ఒక పబ్బు వాళ్ళు గురువారం రాత్రికి పై అంతస్తు ఇస్తామన్నారు, 150 మంది పడతారు. రాత్రి 8 నుంచి 12:30 దాకా. 50ల నుంచి 70ల చివరి దాకా సినిమా పాటలు, వీలైనంత వరకు అసలు రికార్డుల మీదే, డాన్సు కూడా ఉండాలి. చేతిలో ఓ నలభై ఎల్పీలు (పెద్ద రికార్డులు), వంద దాకా ఈపీలు (చిన్న రికార్డులు), పాతిక 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు) ఉన్నాయి. రికార్డులు తిప్పే టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 డెక్కులు రెండు, ఒక మిక్సరు అద్దెకు దొరికాయి.

పాటల వరస ఎలా కట్టాలి? క్లబ్బు సౌండ్ మీద ఈ రికార్డులు నిలబడతాయా? లైసెన్సుల సంగతేమిటి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

తిశ్రనడక

ముందు కాలాన్ని కుదించండి. 50ల పాట కూర్చుని వినే పాట. ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్ పాట లేచి ఆడే పాట. రెండూ కలిపి వేస్తే వినేవాళ్ళకీ ఆడేవాళ్ళకీ ఇద్దరికీ చిరాకే. పోస్టరు మీద 1965–79 అని స్పష్టంగా వేయండి. అంతకు ముందువి, రాజేశ్వరరావు, పెండ్యాల బాణీలు, ఎ.ఎం. రాజా, జిక్కి పాడినవి, ఇవన్నీ 8 నుంచి 9:15 దాకా జనం వచ్చి కుదురుకునే వేళకు ఉంచండి. డాన్సు ఫ్లోరు తెరిచాక మళ్ళీ వాటి జోలికి పోవద్దు.

వరస కట్టేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది నడక. తిశ్రంలో (మూడు లెక్కన) నడిచే పాట వెనకే చతురశ్రం (నాలుగు లెక్క) పడితే ఆడేవాళ్ళ కాళ్ళు అక్కడికక్కడే ఆగిపోతాయి. ఒకే నడకలో నాలుగైదు పాటలు వేసి, మధ్యలో ఊపిరి తీసుకునే పాట ఒకటి పెట్టి, అప్పుడు నడక మార్చండి.

బీటు మ్యాచింగ్ (రెండు పాటల వేగం కలిపి ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారడం) మీద ఆశ పెట్టుకోకండి. అవి వేగం కదలకుండా పట్టి ఉంచే క్లిక్ ట్రాక్ లేకుండా వాయిద్యాలన్నీ కలిసి వాయించిన పాటలు. పల్లవిలో ఉన్న వేగం రెండో చరణానికి ఉండదు. డెక్కు మీద వేగం మార్చే పిచ్ మీట ±8 శాతం జరుగుతుంది కదా అనుకోవచ్చు, కానీ 6 శాతం జరిపితే శ్రుతి ఒక స్వరస్థానం మారిపోతుంది. ఘంటసాల గొంతును అలా మారిస్తే మన జనం వెంటనే పట్టేస్తారు. ఒకటి రెండు శాతం దాటొద్దు. చివరి పల్లవి అయిపోగానే కోసి, తర్వాతి పాటను దరువు మీద నుంచే ఎత్తుకోవడం మేలు.

సాకీతో (పల్లవికి ముందు తాళం లేకుండా పాడే భాగంతో) మొదలయ్యే పాటలను విడిగా రాసి పెట్టుకోండి. తాళం లేని ఆ అరనిమిషంలో ఫ్లోరు ఖాళీ అవుతుంది. సూదిని సాకీ దాటించి ముందే హెడ్‌ఫోన్‌లో పట్టి ఉంచాలి.

సగటున మూడున్నర నిమిషాలు అనుకుంటే నాలుగున్నర గంటలకు 77 పాటలు. నూటపది సిద్ధంగా ఉంచండి. ఇంకో సంగతి: ఈపీలో ఒక్కో వైపు రెండేసి పాటలుంటాయి. బాగున్నాయని ఒకే ఈపీలోవి వరసగా వేయలేరు, రెండో డెక్కు మీద వేరే రికార్డు ఉండాల్సిందే. కాబట్టి వరస రాసేటప్పుడు పాట పేరు పక్కన రికార్డు నంబరు, వైపు, ఎన్నో పాటో కూడా రాయాలి. మసక వెలుతురులో లేబుల్ చదవడం కుదరదు.

కడప_బండ

78లను అక్కడికి తీసుకెళ్ళొద్దు. ఎంకే2లో 33, 45 తప్ప 78 వేగమే లేదు. ఉన్నా ఎల్పీ సూది వాటికి పనికిరాదు. ఎల్పీ సూది మొన 18 మైక్రాన్ల దగ్గర, 78కి కావలసింది 65–75. సన్న సూది గాడి అడుక్కి దిగి దుమ్ము మీద నడుస్తుంది, బరబర తప్ప పాట వినపడదు. 78 వేగమూ, తగిన సూదీ ఉన్న డెక్కు మీద ముందే వాటిని కంప్యూటర్లోకి వేవ్ ఫైళ్ళుగా ఎక్కించుకోండి. శుభ్రం చేసేటప్పుడు వాటికి ఆల్కహాలు తగలనివ్వొద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాలులో లక్క కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బట్ట, వెంటనే ఆరబెట్టడం, అంతే.

ఇక అసలు గండం ఫీడ్‌బ్యాక్. సబ్ వూఫరు (బాస్ స్పీకరు) అదురు నేల మీద నుంచి టేబుల్‌కి, టేబుల్ నుంచి సూదికి, సూది నుంచి మళ్ళీ సబ్‌కి చేరి గూంయ్ మని ఎత్తుకుంటుంది. పై అంతస్తు కాబట్టి నేల ఇంకా అదురుతుంది. డెక్కుల టేబుల్ సబ్‌కు వీలైనంత దూరంగా, గది మూలకు కాకుండా, స్తంభం పక్కన పెట్టించండి. ఒక్కో డెక్కు కింద రెండంగుళాల మందం కడప బండ, బండ కింద నాలుగు మూలలా సగానికి కోసిన స్క్వాష్ బంతులు. బరువు, మెత్తదనం రెండూ ఉండాలి. ఉత్త స్పాంజి వేస్తే డెక్కు ఊగుతుంది, ఎవరైనా తగిలితే సూది ఎగురుతుంది.

సౌండ్ చెక్ ఇలా చేయండి. మోటారు ఆపి, ఆగి ఉన్న రికార్డు మీద సూది దించండి. వాల్యూమ్ నెమ్మదిగా పెంచుతూ పోండి. గూంయ్ మొదలైన చోటును గుర్తుపెట్టుకుని, కార్యక్రమంలో దానికి కనీసం 6 డెసిబెల్స్ కింద ఉండండి. అప్పటికీ సౌండ్ చాలకపోతే 40 హెర్ట్జ్ కింద అంతా హై పాస్ ఫిల్టరుతో కోయించండి. ఆ రికార్డుల్లో అంత కింద అదురు తప్ప పాట ఏమీ లేదు, పోయేదేం లేదు.

క్లబ్ ఇంజినీరు అలవాటుగా బాస్ పెంచుతాడు, పెంచనివ్వకండి. తబలా, డబుల్ బాస్ బరువు ఎక్కువగా ఉండేది 80 నుంచి 200 హెర్ట్జ్ మధ్య. గొంతు కీచుగా చెవిని కోస్తుంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించండి. మోనో (రెండు వైపులా ఒకే శబ్దం ఉండే) రికార్డులకు మిక్సరులో మోనో నొక్కితే చిటపటలు సగం తగ్గుతాయి.

డెక్కు నుంచి వచ్చే సన్న ఎర్త్ వైరును మిక్సరు వెనక గ్రౌండ్ స్క్రూకి బిగించడం మరవొద్దు. స్పీకర్లలో హమ్ అనే రొద వస్తే ముందు చూడాల్సింది అదే. డీజే కార్ట్రిడ్జి (సూది ఉండే ముక్క) రికార్డు మీద 3 గ్రాముల దగ్గర బరువు మోపేలా పెట్టండి. మీ కార్ట్రిడ్జి కాగితం మీద రాసింది ఒకసారి సరిచూసుకోండి. విడి సూది ఒకటి, పెద్ద రంధ్రం ఈపీలకు అడాప్టర్లు రెండు, కార్బన్ బ్రష్, మెడ వంచే చిన్న దీపం. తీగలూ జాక్‌లూ ఎస్పీ రోడ్డులో ఒక్క పూటలో దొరుకుతాయి.

ఎంజీరోడ్డు_మేనేజరు

పై అంతస్తు అంటే నాలుగు గోడల గదా, టెర్రసా? అన్నీ దీని మీదే ఉన్నాయి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకరు వాడకూడదు, మూసిన గదిలో వాడుకోవచ్చు. టెర్రసైతే మీ డాన్సు మొదలైన కాసేపటికే ఆపాల్సి వస్తుంది.

డాన్సు, డీజే పెట్టే చోటుకు పోలీసు కమిషనర్ ఇచ్చే వినోద లైసెన్సు కావాలి. బారు లైసెన్సు ఉంటే సరిపోదు. పబ్బు వాళ్ళను కాపీ చూపించమనండి, మీరున్న అంతస్తు అందులో ఉందో లేదో చదవండి.

"పాత పాటలేగా, హక్కులేముంటాయి" అనుకోవద్దు. సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1960 రికార్డింగు మీద హక్కు 2020తో అయిపోయింది. స్వరానికీ సాహిత్యానికీ మాత్రం రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళు. ఘంటసాల 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరి దాకా ఉంటుంది. అందుకే స్వరసాహిత్యాలకు లైసెన్సు ఇచ్చే ఐపీఆర్ఎస్, రికార్డింగులకు ఇచ్చే పీపీఎల్ లాంటి సంస్థ, రెండూ వేర్వేరుగా చూసుకోవాలి. మీరు వేసే రికార్డుల కంపెనీలు ఆ లైసెన్సులో వస్తాయో లేదో జాబితా అడగండి. పబ్బుకు ఏడాది లైసెన్సు ఉన్నా, టికెట్టు పెట్టిన కార్యక్రమానికి అది వర్తిస్తుందా అని రాతలో తీసుకోండి.

డబ్బు లెక్క: పబ్బు వాళ్ళు మినిమమ్ గ్యారంటీ (ఆ రాత్రి కనీసం ఇంత అమ్మకం కావాలి, తగ్గితే మీరు నింపాలి అనే షరతు) లక్షన్నర అడిగారనుకుందాం. 120 మందికి తలా 1,250 ఖర్చు పెడితేనే అది నిండుతుంది. కవర్ చార్జీ (తలుపు దగ్గర తీసుకునే డబ్బు) మొత్తం తిండికీ తాగుడుకీ చెల్లేలా పెడితే గ్యారంటీ మీ మీద పడదు, కానీ డెక్కుల అద్దె చేతి నుంచి పోతుంది. కొంత ప్రవేశానికి, మిగతాది చెల్లేలా విడగొట్టి మాట్లాడుకోండి.

తేదీ విషయంలో సంక్రాంతి వారం, ఉగాది, లాంగ్ వీకెండ్‌కు ముందు గురువారం వదిలేయండి. ఆ రాత్రి మనవాళ్ళంతా ఊరి బస్సులో ఉంటారు. డ్రై డేలు (మద్యం అమ్మకూడని రోజులు), ఎన్నికల తేదీలు కూడా చూడండి. మెట్రో చివరి రైలు మీ కార్యక్రమం ముగియకముందే వెళ్ళిపోతుంది. వైట్‌ఫీల్డ్ లాంటి దూరపు వాళ్ళు ఆ లోపే లేస్తారు కాబట్టి మంచి పాటలను 10:45 తర్వాతకు దాచుకోకండి.

ఈపీల_పెట్టె

అందరికీ ధన్యవాదాలండి. గదే, అద్దాల కిటికీలున్నాయి. 78లు ఫైళ్ళుగా ఎక్కిస్తాం. లైటింగు గురించి కూడా చెప్తారా? పబ్బులో ఉన్నవి రంగులు మారుతూ అటూ ఇటూ తిరిగే లైట్లు, మూవింగ్ హెడ్లు.

కడప_బండ

అద్దాలకు మందపాటి తెరలు వేయించండి, శబ్దం గదిలోనే కొంత మెత్తబడుతుంది. మూవింగ్ హెడ్లు ఆపేసి అద్దం ముక్కలు అతికించిన మిర్రర్ బాల్ ఒకటి తెప్పించండి. 50 సెంటీమీటర్లది ఆ గదికి చాలు. నిమిషానికి ఒకటి రెండు చుట్లు తిరిగే మోటారు తీసుకోండి, అంతకంటే వేగమైతే కళ్ళు తిరుగుతాయి. సన్న కాంతి పిన్ స్పాట్లు రెండు, ఎదురెదురు దిక్కుల నుంచి. వెడల్పుగా వెలుగు పరిచే మామూలు పార్ లైటు వేస్తే చుక్కలు పడవు, గది మొత్తం వెలిగిపోతుంది. మిగతా దీపాలన్నీ 2700 కెల్విన్, అంటే వెచ్చని పసుపు వెలుగు. ఎల్ఈడీ ఫిలమెంటు బల్బులు పాత డిమ్మరు మీద మిణుకుమిణుకుమంటాయి, ముందు రోజే వేసి చూడండి. పొగ యంత్రం వాడితే స్మోక్ డిటెక్టరు మోగుతుంది, అందుకని అసలు వద్దు.

తిశ్రనడక

దుస్తుల గురించి ఒక మాట. "రెట్రో" అని రాస్తే సగం మంది మామూలు చొక్కాలో వస్తారు. బెల్ బాటమ్, చుక్కల చీర, పఫ్ చేతుల జాకెట్టు, పెద్ద కాలరు అని బొమ్మతో సహా పెట్టండి. అలా రాలేకపోయిన వాళ్ళకు తలుపు దగ్గర ఒక బుట్టలో సిల్కు స్కార్ఫులు, రిబ్బన్లు, వెడల్పు టైలు ఉంచండి. చిక్‌పేటలో టోకున తెచ్చుకోవచ్చు.