సెక్రోపియా గొంగళిపురుగులోంచి తెల్లటి పురుగులు వస్తున్నాయి, మందు కొట్టాలా?

ప్రశ్న:
మసాచుసెట్స్‌లో ఉంటాం. పెరట్లోని చెర్రీ చెట్టు మీద సెక్రోపియా అనే మాత్ (రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుక లాంటి పురుగు) గొంగళిపురుగులు ఉన్నాయి. నీలం కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, వీపు మీద ఎర్రటి, పసుపు బుడిపెలు. పిల్లలూ నేనూ రోజూ చూసుకుంటున్నాం. నిన్న ఒకటి నల్లబడి కొమ్మకు వేలాడుతోంది. దాని ఒంట్లోంచి తెల్లటి పురుగులు బయటికొచ్చి మట్టిలో దూరాయి. మిగతావాటి గురించి టెన్షన్‌గా ఉంది. మందు కొట్టమంటారా?

జవాబు 1:
మందు మాత్రం వద్దండీ. తోటలను తినే గొంగళిపురుగులను చంపడానికి అమ్మే బీటీ (బాక్టీరియాతో చేసే) మందు వీటినీ చంపేస్తుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కాంప్సిల్యూరా ఈగ పనిలా ఉంది. మన పట్టు రైతులు ఊజీ ఈగ అంటారే, ఆ కుటుంబమే. అడవుల ఆకులను తినేస్తున్న స్పాంజీ మాత్ గొంగళిపురుగులను అదుపు చేయడానికి ఈ కాంప్సిల్యూరాను 1906లో యూరప్ నుంచి అమెరికాకు తెచ్చి వదిలారు. స్పాంజీ మాత్‌కు ఏడాదికి ఒకటే తరం, ఈ ఈగకు మూడు నాలుగు. మిగతా తరాలకు వేరే గొంగళిపురుగులు కావాలి కదా, అలా మీ సెక్రోపియా లాంటివాటి మీద పడింది. ఆడ ఈగ గొంగళిపురుగు చర్మాన్ని ముల్లుతో పొడిచి, పిల్లపురుగును నేరుగా లోపలికి ఎక్కిస్తుంది.

2000లో వచ్చిన ఒక అధ్యయనం కోసం మీ రాష్ట్రంలోనే 500 సెక్రోపియా పిల్లలను చెట్ల మీద వదిలితే, ఒక్కటీ గూడు కట్టేదాకా బతకలేదు. అన్నిటినీ ఈ ఈగే చంపలేదు గానీ, పెద్ద వాటా దానిదే. ఇన్ని రకాల పురుగులను తినేదాన్ని 1986 దాకా వదులుతూనే ఉన్నారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మిగిలినవాటిని ఆకులతో సహా సన్నటి వల సంచిలో ఉంచి, సంచి మూతిని కొమ్మకు బిగించి కట్టండి. ఆకులు అయిపోతే ఇంకో కొమ్మకు మార్చండి.

జవాబు 2:
గూడు కట్టాక చచ్చిపోతే మాత్రం ఈగను అనుమానించకండి. ఎనికోస్పిలస్ అనే అక్కడి కందిరీగ పిల్ల, గొంగళిపురుగు గూడు అల్లేదాకా ఆగి, ఆ తర్వాతే దాన్ని తినేసి అదే గూట్లో ఉండిపోతుంది. గూటికి చిన్న చిల్లు ఉండి లోపల ఖాళీగా ఉంటే వడ్రంగిపిట్ట పొడిచి ఉంటుంది. ఎలుకలూ వదలవు.

ప్రశ్న అడిగినవారు:
సంచులు ఈరోజే కడతాను. గూళ్లను చలికాలంలో ఇంట్లో పెట్టుకోవచ్చా?

జవాబు 1:
వెచ్చటి గదిలో వద్దండీ, చలికాలంలోనే మాత్‌లు బయటికొచ్చేస్తాయి. అప్పుడు వాటికి జోడీ దొరకదు. వాటికి తినే నోరు కూడా ఉండదు, బతికేదే వారం రెండు వారాలు. ఎలుకలు దూరని వల పెట్టెలో పెట్టి, ఆరుబయట నీడలో ఉంచండి.