ఇచ్ఛాపురం దాటాక దిగాలా, పూరీ దాకా పడుకోవాలా? గంజాం తీరం మీద ఒక వాదన

రైలుకిటికీ (విశాఖ):
పూరీకి పదిసార్లు వెళ్లుంటాను. ప్రతిసారీ రంభ దగ్గర కిటికీలోంచి చిలికా సరస్సు చూసి, "అబ్బ" అనుకుని, మళ్లీ దుప్పటి కప్పుకున్నవాణ్ణే. మొన్న జనవరిలో మొదటిసారి ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో దిగాం. గోపాల్‌పూర్‌లో రెండు రాత్రులున్నాం, ఒక పూట రంభలో పడవెక్కాం. గోపాల్‌పూర్ ఒకప్పుడు పెద్ద రేవు, రంగూన్‌కి ఓడలు వెళ్లేవి. ఇప్పుడు మిగిలింది ఒడ్డున సున్నం రాలిపోయిన పాత గోడలు, వాటి నీడలో పడుకున్న కుక్కలు. ఉదయం ఆరింటికి ఒడ్డు మీద మేం నలుగురం, వలలు విదిలిస్తున్నవాళ్లు తప్ప ఎవరూ లేరు. రాష్ట్రం దాటిన గంటలో ఇంత మంచి తీరం పెట్టుకుని మనం ఎందుకు పట్టించుకోం? దీని గురించి గట్టిగా ప్రచారం చెయ్యాలని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

జగన్నాథుడి చుట్టం:
నేను కాదంటాను. మాకు దొరికేదే రెండు రోజుల సెలవు. ముసలి అమ్మానాన్నల్ని తీసుకెళ్లి దేవుణ్ణి చూపించాలా, ఖాళీ ఇసుక చూపించాలా? గోపాల్‌పూర్‌లో నిశ్చింతగా స్నానం కూడా చెయ్యలేం. అల కాళ్ల కింద ఇసుకతో సహా లోపలికి లాగేస్తుంది. పిల్లలతో వెళ్లి, ఉన్న గంటా టెన్షనే.

బరంపురం ఆడపడుచు:
రైలుకిటికీ గారూ, "మనం పట్టించుకోని తీరం" అన్నారే, ఆ "మనం"లో మేం లేమా? మా తాతగారు ఇల్లు మారకుండానే రాష్ట్రం మారారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే దాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పుట్టింది ఈ ఊళ్లోనే. మీరు చూసిన ఆ వలలవాళ్లు ఉన్నారే, ఒడియావాళ్లు వాళ్లని నోలియాలంటారు. వాళ్లిళ్లలో మాట్లాడేది తెలుగే. పోయినేడు మా ఎదురుగానే ఒకాయన విశాఖ కారు దిగి, హిందీలో చేప ధర అడిగాడు. జాలరాయన భార్య వైపు తిరిగి, "ఎంత చెప్పమంటావే?" అన్నాడు. ఆమె "కారులో వచ్చినోళ్లు కదా, నాలుగొందలు చెప్పు" అంది. కారాయన మొహం చూడాలి! తర్వాత రెండొందలకి ఇచ్చారు లెండి.

ఇక చుట్టం గారికి: దేవుడే కావాలంటే తారాతారిణి ఉంది కదా. రుషికుల్య నది ఒడ్డున కొండ మీద అమ్మవారు. 999 మెట్లున్నాయి, పైదాకా రోడ్డు కూడా ఉంది కాబట్టి మీ అమ్మగారికి ఇబ్బంది లేదు. చైత్రమాసం మంగళవారాలు మాత్రం వద్దు, పుట్టువెంట్రుకలు తీయించే జనంతో కాలు పెట్టే చోటుండదు.

ఉప్పుగాలి:
ప్రచారం అనే మాట వింటేనే నాకు భయం. ఆ రుషికుల్య సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలూ లక్షలూ ఒకేసారి వచ్చి గుడ్లు పెడతాయి. 2025లో సుమారు 7 లక్షలు వచ్చాయి. ఒక్కో ఏడాది ఆ మూకుమ్మడి రాకే ఉండదు. ఏడెనిమిది వారాలకి పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటపడి, వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు నడుస్తాయి. చీకట్లో నేలకన్నా నీళ్లే కాస్త తెల్లగా ఉంటాయి కాబట్టి మామూలుగా అది సముద్రమే అవుతుంది.

నేను వెళ్లిన రాత్రి ఒక కుర్రాళ్ల బృందం రీల్ కోసం బైకు లైటు వేసి ఉంచింది. చూస్తుండగానే పిల్లలన్నీ వెనక్కి తిరిగాయి. అరచేతిలో సగం కూడా లేని ప్రాణులు, రెక్కల్లాంటి కాళ్లతో ఇసుక తోసుకుంటూ బైకు చక్రాల వైపు! మేం బుట్టల్లోకి ఏరి నీళ్ల దగ్గర వదిలేసరికి తెల్లారింది. కాకులకి దొరికినవి దొరికాయి. ఆ చోటు ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టి పదిమందికి పంపించడం మంచిపనేనా?

రైలుకిటికీ:
ఇది నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. అయితే ఫిబ్రవరి నుంచి మే దాకా నదీముఖం వదిలేద్దాం. నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో రంభకి రమ్మంటే ఎవరికి నష్టం? వలస పక్షులు కూడా అప్పుడే.

ఉప్పుగాలి:
వచ్చినవాడు మీ క్యాలెండర్ చూసుకుని వస్తాడా?

బరంపురం ఆడపడుచు:
ఉప్పుగాలి బాధ నిజమే కానీ, ఎవరూ రావద్దంటే పడవవాళ్లు ఏం తినాలి? 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. పోడంపేట లాంటి పల్లెని సముద్రం ఒక్కో ఇల్లుగా తినేసింది. ఇక్కడ తాబేళ్లని కాపాడుతున్నదీ ఈ ఊళ్ల పిల్లలే. వాళ్లకి నాలుగు డబ్బులొస్తే తప్పేమిటి? రాత్రి ఊరివాళ్లు తోడు లేనిదే ఒడ్డుకి పోనివ్వకూడదు, అంతవరకూ నేనూ ఒప్పుకుంటాను. అసలు వానాకాలంలో రండి, మొగలిపూల కాలం. పొలంగట్ల వెంట పొదలు, పూలని రాగి డేగిశాల్లో ఉడికించి అత్తరు తీసే బట్టీలు. దేశంలో మొగలి అత్తరంటే గంజాందే. బట్టీ పక్కన పది నిమిషాలు నిలబడితే చాలు, ఆ వాసన రెండు రోజులు చీరని వదలదు.

ఇచ్ఛాపురం కుర్రాడు:
అందరూ గోపాల్‌పూర్ అంటున్నారు, మా పక్కనున్న సోనాపురం మాటెత్తరేం? మా ఊరి బాహుదా నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆదివారం సాయంత్రం అక్కడున్న బళ్లలో చాలావాటికి ఏపీ నంబరే. ఖాళీ సీసాలు ఏరితే మనవాళ్లు పడేసినవి తక్కువుండవు. ప్రచారం లేకుండానే పరిస్థితి ఇది. పోయిన నెల మేం ఆరుగురం ఏడు గోనెలు నింపాం. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, రైలుకిటికీ గారు వస్తానంటే స్టేషన్‌కి బండి పంపుతాను.

జగన్నాథుడి చుట్టం:
తారాతారిణికి బరంపురం నుంచి ఆటో దొరుకుతుందా, కారే మాట్లాడుకోవాలా? అమ్మ పట్టుచీరల కొట్టు కూడా అడుగుతోంది.