పిల్లలు తమ చదువు తామే చూసుకోవాలంటే ఏం చేయాలి? మీ అనుభవాలు చెప్పండి

పటమట అమ్మ: మావాడు సీనియర్ ఇంటర్, ఎంపీసీ. వీకెండ్ టెస్టు మార్కులు, ర్యాంకు వాడికన్నా ముందు నా ఫోన్‌కే వచ్చేస్తాయి. ఏ చాప్టర్ రావట్లేదురా అంటే "ఫిజిక్స్ పర్లేదమ్మా" అంటాడు. అంతకుమించి వాడికీ తెలీదు. అదే నా బెంగ.

బ్రాడీపేట లెక్కల మాస్టారు: అమ్మా, టెస్టు రాసేటప్పుడే ప్రశ్న పక్కన గుర్తు పెట్టుకోమనండి. గట్టిగా తెలిస్తే టిక్కు, అనుమానమైతే చుక్క, గుడ్డిగా పెడితే సున్నా. కీ చూడకముందే ఎన్ని మార్కులొస్తాయో పేపరు మీద వేసుకోవాలి. దిద్దాక ముందు టిక్కు పెట్టి తప్పయినవి చూడాలి. చుక్క పెట్టినవి పిల్లలు ఎలాగూ మళ్లీ చదువుతారు. వచ్చనుకున్న పాఠం జోలికి మాత్రం పోరు.

గుణదల నాన్న: మాస్టారి మాట నిజం. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకీ నెగెటివ్ మార్కుల్లేవు, అందరూ అన్నీ పెట్టేస్తారు. 100 వస్తే అందులో తెలిసి పెట్టినవెన్నో, తగిలినవెన్నో మార్కు చూస్తే తెలీదు. మా అమ్మాయి సున్నాలు పెట్టడం మొదలెట్టాకే కెమిస్ట్రీ ఎంత పల్చగా ఉందో తనకి తెలిసింది. మేం చెప్తే నమ్మేది కాదు.

బైపీసీ హాస్టల్ అమ్మాయి: నేను తప్పుల నోటుబుక్ రాస్తాను. ప్రశ్న, నేనేమనుకున్నాను, అసలేంటి, ఇంతే. పల్మనరీ వీన్‌లో ఆక్సిజన్ తక్కువ రక్తం ఉంటుందని పెట్టాను, వీన్స్ అన్నీ అంతే కదా అని. "సిల్లీ మిస్టేక్" అని వదిలేస్తే ఆ "అంతే కదా" దొరికేది కాదు. ఊపిరితిత్తుల నుంచి గుండెకి వచ్చే రక్తం కదా, ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. వారం ఆగి, జవాబు మూసేసి మళ్లీ చేస్తాను. ఆంటీ, ఒక్క మాట. ఆ పుస్తకం దయచేసి మీరు తెరవొద్దు. అమ్మావాళ్లు చూస్తారంటే పెద్ద తప్పులు అందులో రాయం.

పటమట అమ్మ: సరే తల్లీ, ముట్టుకోను. ఆ మార్కుల మెసేజ్ కూడా వాడి అంచనా విన్నాకే తెరుస్తా. మాస్టారూ, చిన్నది ఏడో తరగతి. దానికీ ఈ టిక్కులేనా?

బ్రాడీపేట లెక్కల మాస్టారు: అప్పుడే వద్దమ్మా. పాఠం చదివాక పుస్తకం మూసి మీకు చెప్పమనండి. ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత తననే పెట్టుకోమనండి. మీరు అందించొద్దు.